సొట్ట పడని ఉంగరం

ఆయన చేత్తో ఉంగరం తొడిగిన బాణం విరగడమన్నది ఈ భూమ్మీద జరగలేదు. బండకి తగిలితే బండ చీలింది గాని బాణం చీలలేదు. ఒకసారి గురి తప్పి మైదానం దాటిన ఆయన బాణం పక్కవీధిలో ఇనప గేటు తొలుచుకుని, అవతల దండెం మీద ఆరేసిన చొక్కాకి కొత్త గుండీ రంధ్రం చేసి, ఏమీ ఎరగనట్టు నిలబడిందని చెప్పుకుంటారు. అంతటి పనివాడు ఆ ఉదయం రేకుల షెడ్డులో ఎత్తుపీట మీద కూర్చుని, ఒక కార్బన్ గొట్టం మూతిని గరుకు కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ, అది అరిగే చప్పుడు చెవి ఒగ్గి వింటున్నాడు.

విలువిద్య నేర్పే మైదానానికి వెనక వైపున ఉంది ఆ షెడ్డు. బల్ల అంచున చిన్న పట్టకారు మర, స్పిరిట్ దీపం, చల్లార్చడానికి మగ్గుతో నీళ్ళు, జిగురు కడ్డీలు. ఆయన వీపు ఆ బల్ల ఎత్తుకి తగ్గట్టే వంగింది. వేళ్ళ కొసలు వేడి జిగురుకి ఎంత నున్నబడ్డాయంటే, ఎవరైనా వేలిముద్ర అడిగితే బల్లని తీసుకెళ్ళి చూపించాలి. ఆయన గీతలన్నీ దానికే అంటుకున్నాయి.

పని చెప్పుకోవడానికి చిన్నది. బాణం గొట్టం బోలుగా ఉంటుంది కదా, దాని మూతిలో జిగురు రాసి ఒక లోహపు ముక్క దిగేస్తారు. అది ఇన్సర్టు. ములుకు అందులోకి మరతో బిగుస్తుంది. గొట్టం అంచు చీలకుండా పైన ఒక కాలరు తొడుగుతారు. ఆయన దాన్ని ఉంగరం అంటాడు. అందుకే జనం ఆయన్ని ఉంగరాలాయన అన్నారు. పాపం, తొడిగినవన్నీ బాణాలకే. పెళ్ళిచూపులకి వచ్చిన పిల్ల జిగురు వాసనకి గుమ్మంలోనే తుమ్మడం మొదలెట్టి, తుమ్ముతూనే బస్సెక్కి పోయిందని ఒక కథ ఉంది. అసలు సంగతి, ఆయనే ఒప్పుకోలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి చంకనెత్తుకుని పెంచిన అక్క ఇంట్లో ఉంది. ఆ ఇంటికి ఆ నోరు చాలనుకున్నాడు.

అక్క దుప్పట్ల మిల్లులో కుట్టుమిషన్ తొక్కింది. చూపు మందగించి పని మానేశాక, తమ్ముడికి అన్నం క్యారేజీ తెచ్చే మిషతో మైదానానికి వచ్చేది. ఒకరోజు ఎవరో బల్ల మీద పెట్టిన విల్లు ఎత్తింది. ఆ తర్వాత దింపలేదు. పిల్లలు పట్టే మెత్తని విల్లే, అయినా లాగినప్పుడు ఆవిడ మోచెయ్యి దగ్గర చర్మం జెండాలా ఊగేది. ఇన్నేళ్ళలో పోటీల్లో ఆవిడకి దక్కిన బహుమతి ఒక్కటే, ఎండదెబ్బ. అయినా రోజూ తన వరసలో, తన చోట, గీత మీద నిలబడేది.

చిక్కంతా గురిబల్లల ముందున్న సిమెంటు గట్టుతో వచ్చింది. వాన నీరు లోపలికి రాకుండా కట్టిన గట్టు అది. ఈమధ్య అక్క బాణాలు గురిబల్ల దాకా ఎగరలేక ఆ గట్టు మీద పడుతున్నాయి. పడి చీలుతున్నాయి. ఆయన బాణం విరగదని ఇందాక నేనే అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన బల్ల కింద చీలిన గొట్టాలు ఒక బకెట్టు నిండా ఉన్నాయి. అందులో సగం అక్కవే. చీలిన కార్బన్ నూలుపోగుల్లాంటి ముళ్ళై గడ్డిలో దాక్కుంటుంది. ఆ ముల్లు దొరక్క దొరక్క స్వయంగా మేనేజరు మడమలోనే దొరికింది. ఆయన కుంటుతూ వచ్చి, "అమ్మగారిని గౌరవిస్తాను. కానీ ఇంకొక్క బాణం చీలితే గీత దగ్గరికి రానివ్వను. రేపు నేనే నిలబడి చూస్తా" అని చెప్పి, కుంటుతూ వెళ్ళాడు. ఆ రేపు ఈ రోజే.

అందుకే ఉంగరాలాయన తెల్లారగట్లే వచ్చి ఉక్కు తీశాడు. ఇన్సర్టు ఉక్కు, ఉంగరం ఉక్కు. దీపం మీద ముక్కని వేడి చేసి, జిగురు పూసి, తిప్పుతూ దిగేసి, మగ్గులో ముంచాడు. ఛుయ్యిమంది. గోరుతో మీటితే ఖణేల్‌మంది. ఇక గట్టుకే భయం అనుకున్నాడు.

అక్క వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, బాణాన్ని చూపుడువేలు మీద అడ్డంగా నిలబెట్టింది. అది ముందుకి ఒరిగింది.

"ఉక్కు వేశావా?"

"గట్టిదే వేశానక్కా. బండకి తగిలినా చెక్కుచెదరదు."

"అంటే నేను బండకే కొడతానని ముందే తీర్మానించేశావన్నమాట."

"అలా కాదే..."

"మరెలా? ముక్కు ఇంత బరువైతే ఇది గాల్లో ఉండగానే నిద్రపోతుంది. చేరని బాణం చీలకపోతే నాకేం ఒరిగింది? తీసెయ్."

ఆయన బాణాన్ని తన వేలి మీద నిలబెట్టి చూశాడు. నిజం. ఉక్కు విరగదు, కానీ ఆ బరువుకి దూరం పోదు. పడిపోయినా బతికే బాణం చేశాడు గాని, పడకుండా ఉండే బాణం చేయాలన్న ఊహే రాలేదు.

"ఇత్తడి?" అన్నాడు మెల్లగా.

"ఇత్తడి ఉక్కుకి అన్నగారు. ఇంకా బరువు. నన్ను మోసం చెయ్యకు, నీకు ముక్కు తుడిచిన చెయ్యిది."

"ప్లాస్టిక్కు ఎండకి మెత్తబడుతుంది. ఇక మిగిలింది అల్యూమినియం. అది చిన్న దెబ్బకే సొట్టపోతుందక్కా."

"పోనీ! పింగాణీ పడితే పగుల్తుంది, అల్యూమినియం గిన్నె పడితే సొట్టపడుతుంది. ఆ సొట్ట గిన్నెలోనే కదరా వండి నిన్నింతవాణ్ణి చేసింది? ఎప్పుడైనా కారిందా?"

"మేనేజరు చూస్తూ ఉంటాడే. చీలిందంటే ఇంక..."

"చూడనీ. వెళ్ళమనాలంటే నా మొహం మీద చెప్పాలి. నీ ఉక్కు వెనక దాక్కుని నేను నిలబడను."

జిగురు కరిగించి ఉక్కు ఊడదీయడానికి ఆయన దీపం మళ్ళీ వెలిగించాడు. ములుకుకి మాత్రమే మంట తగలాలి, గొట్టానికి తగిలితే కార్బన్ మాడుతుంది. రోజూ పదిమందికి చెప్పే మాటే. ఆ రోజు కంగారులో గొట్టానికే తగిలించాడు. అంచు నల్లబడింది. అక్క చూసి, "తగలేశావా నా తండ్రీ!" అని పకపకా నవ్వింది. కొత్త గొట్టాలు తీసి, రెండు బాణాలకి తేలిక ఇన్సర్టు, పల్చటి అల్యూమినియం ఉంగరం తొడిగాడు. ఈసారి మీటి చూడలేదు.

గీత దగ్గర మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆయన మడమ వంక చూసి, "నొప్పి తగ్గిందా నాయనా?" అంది. ఆయన ఇబ్బందిగా తలూపాడు. ఆవిడ విల్లెత్తింది. వణుకుతున్న చెయ్యి ఒక్క క్షణం కుదురుగా నిలబడే చోటు ఒకటుంటుంది, ఆవిడ దానికోసం ఆగింది. దొరికింది. వదిలింది.

బాణం చక్కగా, చదునుగా పోయింది. గురిబల్ల ముంగిట్లో తల వాల్చి గట్టు మీద టప్పున కొట్టుకుని పక్కకి దొర్లింది.

మేనేజరు కుంటుతూ వెళ్ళి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేత్తో తడిమాడు. ముల్లు లేదు. బాణం తీసి మూతి దగ్గర వేలితో నిమిరాడు. ఉంగరం ఒక పక్క సొట్టపోయి, నమిలిన కాగితంలా ముడుచుకుంది. దెబ్బంతా అదే మింగింది. గొట్టం మీద చిన్న బీట కూడా లేదు. ఉంగరాలాయన పొద్దున తను నమ్ముకున్న ఉక్కుని తల్చుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"నిలబడండమ్మా," అన్నాడు మేనేజరు, బాణం తిరిగిస్తూ. "మీ చోటు మీదే."

"అది నువ్వు చెప్పాలా?" అంది అక్క.

రెండో బాణం వేసింది. అది గట్టు దాటి, గురిబల్ల నడిమి పసుపు చుక్కలో ఈకల దాకా దిగిందనీ, ఆ చప్పుడుకి పావురాలు లేచాయనీ చెప్పాలి. తర్వాత ఆవిడ గీత పక్కన బెంచీ మీద కూర్చుంది. తమ్ముడు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు. గ్లాసుతో తిరిగొచ్చేసరికి తల స్తంభానికి ఆన్చి, కళ్ళు గురిబల్ల మీదే ఉంచి ఉంది. "అక్కా, నీళ్ళు" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆవిడ రెప్ప వాలలేదు. గ్లాసు కింద పెట్టి, పక్కన కూర్చుని, విల్లు ఇంకా పట్టుకునే ఉన్న ఆవిడ చేతిని తన నున్నటి వేళ్ళతో పట్టుకున్నాడు. అక్కని తీసుకెళ్ళాక కూడా ఆయన ఇంటికి పోలేదు. సాయంత్రం మైదానం మూసేదాకా ఆ వరసలో ఎవర్నీ నిలబడనివ్వలేదు. మేనేజరు కూడా అడగలేదు.

గట్టు నిజం, సొట్ట నిజం, మేనేజరు మాట నిజం. రెండో బాణం, పసుపు చుక్క, పావురాలు మాత్రం నా సొంతం. నాకు అలా ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ వేసింది ఆ మొదటి బాణం ఒక్కటే. "కాస్త కూర్చుని రెండోది వేస్తా, నా చోటు ఎవరికీ ఇవ్వకు" అని కూర్చుంది.

గీత పక్కన ఇనప స్టాండులో ఆ రెండో బాణం ఉండిపోయింది, ఎండకి వెచ్చబడి, ఉంగరం మీద ఒక్క గీతైనా పడకుండా.