తట్టి చూడని సంతకం

పొద్దున్నే ఫస్టు షిఫ్టుకు పోయే మొగుడికి శోభ అన్నం డబ్బా కడుతుంటే, బొగ్గుగనిలో సర్దారు పని చేసే ఆ మొగుడు రఘుపతి ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. కంపెనీ క్వార్టరులో ఎవరెవరు ఉంటున్నారో రాసిచ్చే కాగితం.

"కింద సంతకం పెట్టు, జల్ది."

"ఏమున్నది అండ్ల?"

"చదివేదేముందే? నేనే నింపిన. ఆఫీసుల గూడ ఏసీ కింద కూసుండి సంతకాలు గీకుడేనాయె నీ పని."

చేతికి పచ్చడి అంటింది, వచ్చాక పెడతానని శోభ కాగితాన్ని చక్కెర డబ్బా కింద దోపింది. మొగుడన్న మాట మాత్రం డబ్బా కింద ఆగలేదు. గోదావరిఖని చౌరస్తా దాటి ఫైనాన్స్ ఆఫీసు మెట్లదాకా ఆమె వెంటే వచ్చింది. అబద్ధమైతే కోపమొచ్చేది. నిజం కాబట్టి గుచ్చుకుంది.

ఆ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా టీ పొయ్యడం నుంచి ఏడ్చేవాళ్లను ఓదార్చడం దాకా శోభ చేయని పని లేదు. ఇప్పుడు అప్పు ఎవరికివ్వాలో, ఎవరికొద్దో కంప్యూటరే తేలుస్తోంది. దానిమీద పైనుంచి కొత్త నియమం వచ్చింది. యంత్రం కాదన్న ప్రతి కాగితాన్నీ ఒక మనిషి చూడాలి, ఎందుకు కాదందో అడిగినవాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి, సంతకం పెట్టి జవాబుదారీగా ఉండాలి. పెద్దాఫీసు వాళ్లేం చేశారు? ఒక బల్ల వేశారు, ఒక బోర్డు తగిలించారు, శోభను కూర్చోబెట్టారు. రోజుకు నూట యాభై కాగితాలు.

"మిషన్ చూసింది గద శోభక్కా, మళ్ల నువ్వు చూసుడెందుకు? సంతకం కొట్టు," అన్నాడు మేనేజరు ఉపేందర్. జీతమేమన్నా పెరుగుతుందా అంటే నవ్వాడు. శోభ పదకొండు రోజులు చదవకుండానే కొట్టింది.

పన్నెండో రోజు లస్మవ్వ వచ్చింది. షిఫ్టులకు పోయే నలభై మందికి అన్నం డబ్బాలు పంపే మనిషి. గ్రైండరు కొందామని అప్పడిగితే రాదన్నారట.

"ఎందుకు రాదు బిడ్డా? అడుగుదమని వచ్చిన."

శోభ తెర మీద చూసింది. పని: లేదు. ఆదాయం: లేదు. కింద తన సంతకమే, నిన్నటిది.

"అవ్వా, ఏం పని జేస్తవని అడిగితే ఏం జెప్పినవు?"

"ఏమున్నదని జెప్త? పనేం లేదు, ఇంట్ల వంటనే అన్న."

"నలభై డబ్బాల వంట పని గాదా?"

లస్మవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "గది గూడ పనేనా? అయితే రేపు వచ్చి ఉల్లిగడ్డలు గొయ్యమను నీ మిషన్‌ను!"

శోభా నవ్వింది, నవ్వుతూనే తెర మీది తన సంతకం దిక్కు చూసింది. తండ్రి పోశం గుర్తొచ్చాడు. ఆయనా సర్దారే. మనుషుల్ని లోపలికి పంపే ముందు గని పైకప్పును కర్రతో తట్టి, చెవి పెట్టి వినేవాడు. గట్టి కప్పు ఒక తీరుగా పలుకుతుంది, ఊడేది ఒక తీరుగా. విన్నాకే పుస్తకంలో సంతకం. ఒకసారి పెద్దసారు తొందర పెడితే కర్ర ఆయన చేతికిచ్చి, "మీరే కొట్టుండ్రి, మీరే సంతకం పెట్టుండ్రి సారూ" అన్నాడట. ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారీ అమ్మ ఆ సారు మీసాలు ఇంకాస్త పొడుగు చేసేది.

శోభ నిన్నటి సంతకం రద్దు చేసింది. కారణం గడిలో రాసింది: ఈమె రోజూ నలభై మందికి వండుతుంది. మళ్లీ చూడండి.

సాయంత్రానికి ఉపేందర్ ఉరికొచ్చాడు. "ఏందక్కా, ఇరవై గూడ దాటలే! పెద్దాఫీసుకు ఏం జెప్పాలె?"

"చదివినయి ఇరవై అని చెప్పు తమ్మీ. ఇగ చదవకుంట పెట్ట. జవాబు చెప్పేది నేనని నియమంలనే ఉన్నది గద. తొందరుంటే ఇగో కుర్చీ, నువ్వు కూసో. నీ సంతకం పెట్టు."

ఉపేందర్ కుర్చీ దిక్కు చూశాడు. కూర్చోలేదు.

ఇంటికి రాగానే శోభ చక్కెర డబ్బా కింది కాగితం తీసి చదివింది. భార్య చేసే పని అన్నచోట రఘుపతి గుండ్రటి అక్షరాలు: ఏమీ లేదు.

"ఇంకా పెట్టలేదా?" అన్నాడు రఘుపతి.

"ఏమయ్యా, తట్టి చూడకుంట ఏనాడన్న పుస్తకంల సంతకం పెట్టినవా?"

"ఎట్ల పెడ్తనే? మంది పానాలు పోతయి."

"మరి నన్నెట్ల పెట్టుమన్నవు?"

శోభ 'ఏమీ లేదు' అన్న ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన తన పనులు రాయడం మొదలుపెట్టింది. గడి చాలలేదు. కాగితం వెనక్కి తిప్పింది.