నన్ను అదృష్టవంతురాలనకండి

నేను ఒక సరఫరా నౌకను. ఫిరంగులు మోసిన ఓడల బొమ్మలు మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. ఆ ఫిరంగులకు గుండ్లు, ఆ నావికులకు బియ్యం మోసినదాన్ని నేను. స్కాట్లాండులో, ఒక నదీతీరాన నన్ను కట్టారు. నీటిలోకి దింపేనాడు ఒక దొరసాని నా ముక్కుమీద షాంపేను సీసా పగలగొట్టింది. నేను కదిలాను, అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కదిలించింది కింది దుంగలకు పూసిన కొవ్వు. పూసినవాడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మనుషుల తర్కం ఎలాంటిదో పుట్టిననాడే తెలిసింది.

రెండో ప్రపంచయుద్ధంలో విశాఖపట్నం నుంచి బంగాళాఖాతం మీదుగా సైన్యానికి సరుకు చేరవేశాను. కెప్టెను అదృష్టం కోసం చుక్కాని గదిలో ఒక ఇత్తడి గుర్రపునాడా కొట్టించుకున్నాడు. కింద బాయిలరు దగ్గర కళాసీలు నిమ్మకాయలు వేలాడదీశారు. నాడా వాళ్లు నిమ్మకాయల వాళ్లను మూఢులని నవ్వేవారు.

ఆ కళాసీల్లో నూకయ్య, దానయ్య అన్నదమ్ములు, ఊరు భీమునిపట్నం. నూకయ్య బాయిలరులో బొగ్గు వేసేవాడు. తమ్ముడు పక్కనున్న బొగ్గుగదిలోంచి అందించేవాడు. నడుమ ఒక ఇనుపతలుపు.

ఒక మధ్యాహ్నం టార్పెడో నా పక్కను చీల్చింది. సముద్రం బొగ్గుగదిలోకి దూకింది. నడుమ తలుపు మూసుకుంటేనే నేను తేలుతాను. దానికి బొగ్గుపెళ్లలు అడ్డుపడ్డాయి. వాటిని అవతలివైపు, బొగ్గుగదిలోంచే తీయాలి. తీసిన మరుక్షణం నీటి ఒత్తిడే తలుపును మూసేస్తుంది. తీసినవాడు అవతలే ఉండిపోతాడు.

“దానిగా, బేగి వచ్చెయ్‌రా!” నూకయ్య చెయ్యి చాచాడు.

“నానొచ్చేత్తే ఇదెవుడు తీత్తాడన్నా? నీ బాబొచ్చి తీత్తాడేటి?” మొలలోతు నీటిలోనూ వాడికి ఎకసెక్కమే.

తలుపు మూసుకుంది. వెనకనుంచి వాడి కేక: “గెడలెయ్యన్నా! గెడలెయ్యి!”

నూకయ్య వేశాడు. ఒక్కొక్క గడియనూ సుత్తితో బిగించాడు.

నేను తేలాను. ఇందులో వింత ఏమీ లేదు. నీరు ఒక్క గదికే పరిమితమైతే ఓడ మునగదు. అది ప్రకృతి నియమం. ఆ నియమానికి ధర చెల్లించినవాడు మనిషి. రేవులో మాత్రం కెప్టెను విందు చేసి, నాడాను ముద్దాడాడు. నాకు ‘అదృష్ట నౌక’ అని పేరు పెట్టారు! తమ్ముడి పేరు ఆ తలుపుమీద రాయించమని నూకయ్య చేతులు జోడిస్తే, ఓడమీద పేర్లు రాయడం నిబంధనలకు విరుద్ధమన్నారు.

“ఊరుకోరా నూకయ్యా, మనల్ని అమ్మోరు కాసింది,” అన్నాడు కళాసీల పెద్ద అయిన సరంగు.

“అమ్మోరు బొగ్గెత్తిందేటి, సరంగుగారా? ఎత్తినోడు మా దానిగాడు. గెడేసినోణ్ణి నాను. నాకు తెల్దేటి?”

అక్షరాలు రాని నూకయ్య, సరుకుగుమస్తా చేత ఆ తలుపుమీద సుద్దతో రాయించుకుని, ఉలితో లోతుగా చెక్కాడు: దానయ్య. తనిఖీ రాగానే దానిమీద బూడిదరంగు వేశారు. యుద్ధం ముగిసింది, నూకయ్య దిగిపోయాడు. నేను ఎందరి చేతులో మారి సిమెంటు మోశాను, ఉప్పు మోశాను. ప్రతి యజమానీ నాడాను తోమించాడు, తలుపుకు రంగు వేయించాడు.

ఇప్పుడు నాడా మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉంది. ‘నౌకను కాపాడిన నాడా’ అని కింద రాసి ఉందట. నేను పాత ఓడలను ముక్కలుగా కోసే ఒడ్డున ఉన్నాను. నిన్న గ్యాసుమంట తలుపును తాకింది. రంగు పొరలు పొరలుగా ఊడి, ఆ పేరు బయటపడింది.

“ఎవుడ్రా ఈ దానయ్య?” అన్నాడు కోసేవాడు.

“ఓడ ఓనరయ్యుంటాడు. లేపోతే ఇనప తలుపుమీద పేరెవుడు సెక్కుతాడు? కొయ్యి, కొయ్యి,” అన్నాడు పక్కవాడు.

ఇన్నేళ్లలో నా గురించి నిజం పలికింది ఆ ఒక్కడే. అదీ పొరపాటున.