గాజుల చప్పుడు

పెందుర్తి నుంచి పొద్దున ఆరింటి బస్సెక్కి వచ్చాను. రావాల్సిన సిస్టర్ రాక రెండో డ్యూటీ కూడా నా నెత్తినే పడింది. కాళ్ళు లాగేస్తున్నాయి. ఎవరు పలకరించినా కసురుకోవాలనిపిస్తోంది.

వార్డు చివరి చీకటి గదిలో దుర్గారావు ఉన్నాడు. వేటలో అరికాల్లో గేలం దిగితే లాగి పారేసి, కిరసనాయిలు పోసుకుని, మళ్ళీ వల పట్టిన మనిషి. సూదిమందు సంగతే తలుచుకోలేదు. ఇప్పుడు ధనుర్వాతం.

మన నరాల చివర చిన్న చిన్న తిత్తులుంటాయి. ‘ఇక బిగించకు, వదులు’ అని చెప్పే రసం కొన్నిట్లో ఉంటుంది. తిత్తి నరం గోడకి అతుక్కుని విచ్చుకుంటేనే అది బయటపడుతుంది. అలా అతికించేవి తాళ్ళలా పెనవేసుకునే ప్రోటీన్లు. ఈ జబ్బు విషం వాటిలో ఒకదాన్ని కోసేస్తుంది. తిత్తులు నిండుగానే ఉంటాయి, వదలమనే మాట మాత్రం కండరానికి చేరదు. తెగినదాన్ని అతికించే మందు లేదు. ఒళ్ళు కొత్తది తయారుచేసుకునేదాకా, వారాల తరబడి, ప్రాణం నిలబెట్టడమే మా పని. ఈలోగా చిన్న చప్పుడైనా మనిషి బిగుసుకుపోతాడు. ఊపిరి ఆగిపోవచ్చు.

ఆ చప్పుడు అతని భార్య ఈశ్వరి గాజులది. వాటి మీద గుడ్డ చుట్టి కట్టాను, ఆమె వంగి లేచేసరికి జారిపోయింది.

ఆమెని గుమ్మం దాటించి, “తీసెయ్యమ్మా,” అన్నాను.

అక్కడే కూర్చున్న అత్త పోతమ్మ అందుకుంది. చేపల బజారు ఈ కొస నుంచి ఆ కొసకి వినిపించే గొంతు. ఆ భయంతోనే ఆవిణ్ణి నేను లోపలికి రానివ్వలేదు.

“మొగుడు బతికుండగా గాజులు తీత్తాదేటి! ఆడికేటైనా అయితే నువ్వు తెత్తావా?”

“ఆ గాజులే నీ కొడుకుని చంపేస్తాయి!”

అరిచింది నేనే. లోపల మంచం కిర్రుమంది. దుర్గారావు నడుం పైకి లేచిపోయింది, ముఖం నీలమైంది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి మందెక్కించాకే ఊపిరి దారిలో పడింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

బయటికొచ్చేసరికి ఈశ్వరి మొదటి గాజు లాగుతోంది. పోతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఉండే, తియ్యకు.” గొంతు ఎంత తగ్గించిందంటే, నేను దగ్గరికెళ్ళి వినాల్సొచ్చింది. “నాకు లేవు కదా. మీ మావ పోయిన నాడే ఇరిసీసినారు. నాను కూకుంటాను.”

“నువ్వు మాట్లాడితే మళ్ళీ...”

“మాటాడను, సిస్టరమ్మా.”

లోపలికెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. సాయంత్రంలోగా అతను ఇంకో రెండుసార్లు బిగుసుకున్నాడు. రెండుసార్లూ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చప్పుడు మాత్రం రానివ్వలేదు.