దావీదురాజు ఎడమ కాలు

ప్రేమమ్మ గారింట్లో అద్దెకు దిగిన రోజు, ముందు గదిలో దుప్పటి కప్పిన వస్తువును చూసి కుట్టుమిషను అనుకున్నాను. దుప్పటి అంచు కింద సన్నని ఇనుప కాళ్ళు, నేలకు కొంచెం ఎత్తులో వరసగా మూడు పెడళ్ళు కనిపిస్తున్నాయి. మాది కోడుమూరు. మగ్గం పెట్టుకున్న ఇల్లు. తొక్కేవి కనిపిస్తే మా కాలు ఊరుకోదు. చెప్పు విడిచి ఒకదాన్ని మెల్లగా నొక్కాను. దుప్పటి లోపల ఏదో సన్నగా మూలిగింది.

"తొక్కొద్దప్పా," అని వంటింట్లోంచి గొంతు వచ్చింది. "అది మా ఆయనది."

ఆయన పేరు దావీదురాజు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను వచ్చేసరికి ఆయన పోయి మూడు నెలలు. ఆ వస్తువు పేరు పెడల్ స్టీల్ గిటార్ అనీ, ఎప్పుడో వాళ్ళ చర్చికి వచ్చిన విదేశీ దంపతులు తిరిగిపోతూ ఆయనకు ఇచ్చిపోయారనీ, ఆయన తప్ప దాన్ని వాయించేవాళ్ళు చర్చిలో ఎవరూ లేరనీ తర్వాత తెలిసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నా కాళ్ళు మగ్గం గుంతలోకి దిగకూడదని మా నాయన పట్టుబట్టి చదివించాడు. చదివి, కర్నూలులో విత్తనాల కంపెనీ ఆఫీసులో చేరాను. సాయంత్రం గదికి వస్తే చేసే పని ఉండేది కాదు. ఆ పెడళ్ళు చూసినప్పుడల్లా పాదాలు దురద పెట్టేవి. చివరికి ఒకనాడు ధైర్యం చేసి నేర్చుకుంటానని అడిగాను.

మరుసటి ఆదివారం ప్రేమమ్మ తానే దుప్పటి తీసింది.

"ఉమామహేశూ, ఊరికే ఉంటే తుప్పు పడతాది. నేర్చుకో. కానీ ఆయన పోయిన ఏడాదికి పెట్టే జ్ఞాపకాల కూడికలో ఆయన కీర్తన నువ్వు వాయించల్ల. దానికి ఒప్పుకుంటేనే ముట్టుకో."

ఒప్పుకున్నాను.

బల్ల లాంటి పలక మీద పది తంతులు. దాని ముందు కూర్చోవాలి. కుడి చేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని మీటాలి. ఎడమ చేతిలో బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ. దాన్ని తంతుల మీద ఆనించి జరపాలి, అదిమిపెట్టకూడదు. పలక మీద గీతలుంటాయి. కడ్డీ గీతకు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే స్వరం వంకర పోతుంది. కుడి కాలు కింద ఉన్న పెడలు శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎడమ కాలు ఆ మూడు పెడళ్ళ మీద. మీటిన తంతి మోగుతుండగానే పెడలు తొక్కితే స్వరం పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. అచ్చం మనిషి గొంతు.

ఫోన్‌లో వీడియోలు చూసి చేతులకు ఏదో నేర్పుకున్నాను. కాళ్ళే మాట వినలేదు. మగ్గం మీద ఒక కాలు దిగితే రెండోది లేవాలి. నా కాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలిసిన విద్య అదొక్కటే. ఇక్కడేమో ఎడమ పాదంతో రెండు పెడళ్ళు కలిపి తొక్కి అట్లే పట్టి ఉంచాలి. నేను ఎడమ కాలు తొక్కగానే కుడి కాలు తనంతట తాను లేచేది. శబ్దం ఉన్నట్టుండి మాయమయ్యేది.

చర్చిలో కీబోర్డు వాయించే జయరాజ్ ఒకరోజు గడపలో నిలబడి కాసేపు విన్నాడు.

"ఏమప్పా, చీర ఎన్ని మూరలైంది?"

"నువ్వు మాట్లాడొద్దు జయరాజూ," అంది ప్రేమమ్మ. "బటన్ నొక్కితే నీది అదే వాయించుకుంటాది. నువ్వు పక్కన కూర్చోని తలకాయ ఊపుతావు."

"నేను తలకాయన్నా ఊపుతాండా అక్కా. ఈయప్ప కాళ్ళు చూడు, యాడికో పోతాండాయి."

నాకు గురువు ప్రేమమ్మే. ఆ వాద్యాన్ని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. పెళ్ళయిన నాటి నుంచి వింటూ వచ్చింది, అంతే. వంటింట్లో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ చెప్పేది. "అట్ల కాదప్పా, ఆడ ఆయన కొంచెం ఆగుతాడు." "తొందర పడొద్దు, ఆయన ఈడ ఊపిరి తీసుకుంటాడు." ఆగేవాడు, తీసుకునేవాడు అని ఆమె ఎప్పుడూ అనలేదు. నేను బాగా వాయించిన రోజు కొర్రన్నం వండేది. ఆయన షుగరు మనిషి, అదే తినేవాడట. నన్ను ఎప్పుడూ "రాప్పా" అనే మనిషి, ఆ రోజుల్లో "అన్నం తిందురు రాండి" అని పిలిచేది. ఎవరిని పిలుస్తోందో తెలుసు. అయినా లేచి వెళ్ళి తినేవాణ్ణి. కాదనడం నాకు చేతకాలేదు.

ఒక ఆదివారం నీళ్ళ బిందె మోస్తూ ఆమెతో సమాధుల తోటకు వెళ్ళాను. దావీదురాజు సమాధి పక్కన ఇంకో చిన్న గుట్ట ఉంది. పసిబిడ్డదేమో అనుకుని అడగలేదు. ఆమే చెప్పింది.

"అది ఆయన కాలు."

పాదంలో తుమ్మ ముల్లు దిగింది. ఆయనకు నొప్పి తెలియలేదు. చూసుకునేసరికి పాదం నల్లబడింది. ఆస్పత్రిలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. గుడ్డలో చుట్టి చేతికిస్తే ఈమే తెచ్చి ఇక్కడ పూడ్పించింది.

"కాలికి ప్రార్థన చేయాల్నా వద్దా అని పాస్టరయ్య శానాసేపు తల గోక్కున్యాడు. మా ఆయన మంచం మీద పండుకోని నవ్వుతాడు. బస్సులో టవలు ఏసినట్టు నా కాలు ముందే పోయి సీటు పట్టిందిలే అని." ఆమె రెండు గుట్టల మీదా నీళ్ళు చల్లింది. "నెల తిరక్కముందే తానూ వచ్చి కూర్చున్యాడు."

కీర్తన అంతా వచ్చింది. రానిది చివరి స్వరం ఒక్కటే. చివరి చరణం ముగిసే చోట స్వరం పైన నిలబడి, నిలబడి, మెల్లగా కిందికి జారేదట. ఏ గీతకూ అందని చోట ఆగేదట.

"మునుపు అట్ల వాయించేటోడు కాదు. చివరి ఏడాది వచ్చింది ఆ స్వరం. దేవుడే ఇచ్చినాడు. చర్చిలో ఏడవనోళ్ళు ల్యారు. నాకది కావాలప్పా. అది ల్యాకుంటే అది ఆయన కీర్తన కాదు."

కడ్డీ జరిపి చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కడ్డీతో జారిస్తే తంతులన్నీ కలిసి జారతాయి. ఆమెకు కావలసింది అది కాదు. పక్క తంతి కదలకుండా ఉండాలి, ఒక్క గొంతే దిగిపోవాలి. పెడలు వదిలి చూశాను. వేగంగా వదిలితే పడిపోయేది, మెల్లగా వదిలితే అతి శుభ్రంగా దిగేది. వారాల తరబడి అదే పని.

ఎండాకాలం మధ్యాహ్నం. అన్నం తిని కూర్చున్నవాణ్ణి లేవకుండా అదే పంక్తి వాయిస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఎడమ కాలికి తిమ్మిరెక్కింది. కాలు ఉన్నట్టే తెలియడం లేదు. చివరి స్వరం మీటాను. పెడలు మీద పాదం ఉందనే అనుకుంటున్నాను. స్వరం కిందికి జారింది. నేనేమీ చేయలేదు. కొంచెం జారింది, ఆగింది, మళ్ళీ జారింది. ఎవరో గడప దాటబోయి, దాటలేక అక్కడే కూలబడినట్టుంది.

వంటింట్లో గిన్నె కింద పడింది. ఆమె తడి చేతులతో వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. నా ముఖం చూడలేదు.

"ఆయనే," అంది.

నేను కిందికి చూశాను. పాదం పెడలు మీద సగమే ఉంది. ముల్లు దిగినా తెలియని కాలు గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ఆ పంక్తి దగ్గరికి వచ్చేసరికి నా ఎడమ పాదం మొద్దుబారేది. ఎక్కువసేపు కూర్చోకపోయినా అంతే. వాయించడం ఆపితే ప్రాణం వచ్చేది. భయపడి ల్యాబులో షుగరు పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ఆఫీసులో కూర్చున్నప్పుడు కూడా బల్ల కింద చెయ్యి పెట్టి పాదం గిల్లుకునేవాణ్ణి.

ఆమె మాత్రం సంతోషంగా ఉంది. కూడికకు ఎవరెవరిని పిలవాలో జయరాజ్‌తో మాట్లాడుతోంది. వచ్చిన వాళ్ళకల్లా చెబుతోంది, ఆ స్వరం మళ్ళీ వింటారు అని. నేను నోరు మూసుకుని వాయిస్తే అందరూ ఏడుస్తారు, ఆమె దేవునికి స్తోత్రం చెప్పుకుంటుంది. నిజం చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. ఎటూ తేల్చుకోలేకపోయాను. కానీ ఒక మనిషి కాలు చచ్చిపోయిన చప్పుడును, దేవుడిచ్చిన స్వరమని నలుగురి ముందు వాయించడానికి నాకు మనసొప్పలేదు.

ఆమె చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఆ స్వరం ఆయన కావాలని వాయించింది కాదు."

"ఇంకేంది మరి?"

"కాలికి స్పర్శ పోయింది. పెడలు మీద పాదం ఉండాదా, జారిందా ఆయనకు తెలిసేది కాదు. ముల్లు దిగినప్పుడు తెలీలేదు గదా, అట్లనే."

చేట ఆగింది. ఆమె ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"అంటే ముల్లు కంటే ముందే."

"ఊ."

"శానా ముందు."

తల ఊపాను.

"మొదటి వరసలో కూర్చునేదాన్ని నేను," అందామె. "కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చేదాన్ని. కాలు చచ్చిపోతాందని అది అరుస్తాంటే, బాగుండాది బాగుండాది అని ఏడ్చినా."

తర్వాత ఆమె నన్ను అన్నానికి పిలవలేదు. వాద్యం మీద మళ్ళీ దుప్పటి పడింది. గది ఖాళీ చేయమంటుందేమో అనుకున్నాను. చేయమన్నా తప్పు లేదు. కూడికకు ముందురోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి తీసి ఉంది. ఆమె పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"మునుపు ఆయన సరిగ్గా తొక్కినప్పుడు ఎట్లుండేదో గుర్తు తెచ్చుకుందామని చూస్తాండా. రావడం ల్యా. ఎంత తల్చుకున్యా ఆ జారేదే చెవులోకి వస్తాది. నువ్వు కాలు ఎత్తొద్దు. స్వరం పైననే నిలబెట్టు. ఒక్కసారి ఇనాల నేను."

"ఆడికి వచ్చేసరికి నా కాలు గూడా నా మాట ఇనడం ల్యాదమ్మా."

"తెలుసు. చూస్తాండా గదా."

కూడిక ఇంటి ముందర షామియానా కింద. చర్చి వాళ్ళందరూ వచ్చారు. మొదటి వరసలో ఆమె కోసం కుర్చీ వేశారు. ఆమె అందులో కూర్చోలేదు. చిన్న పీట తెచ్చుకుని వాద్యం పక్కన, నా ఎడమ వైపు కూర్చుంది. పాస్టరు ప్రార్థన అయ్యాక జయరాజ్ కీబోర్డు మీద సన్నగా శ్రుతి పట్టాడు. నేను మొదలుపెట్టాను.

చరణాలు బాగానే సాగాయి. చివరి చరణానికి వచ్చేసరికి పాదం మొద్దుబారడం మొదలైంది. ఎదురుగా ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటున్నారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఏం రాబోతోందో అందరికీ తెలుసు, దానికోసమే కాచుకుని ఉన్నారు. చివరి స్వరం మీటాను. పైకెక్కింది. నిలబడింది. కాలు ఎక్కడుందో నాకు తెలియదు. తొక్కి పట్టాలని ఒళ్ళంతా బిగబట్టాను. తంతి అంచున స్వరం వణికి, జారడం మొదలుపెట్టింది.

ప్రేమమ్మ పీట మీద నుంచి కిందికి దిగింది. అందరి ముందర మోకాళ్ళ మీద వంగి రెండు చేతులతో నా పాదాన్ని పెడలుకు అదిమింది.

పెద్దామె నా కాళ్ళు ముట్టుకుంటోంది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో అది మహా పాపం. కాలు వెనక్కి లాక్కోబోయాను. అది రాలేదు.

"తియ్యొద్దప్పా," అందామె, తల ఎత్తకుండా.

జారిన స్వరం మళ్ళీ పైకెక్కింది. అక్కడే నిలబడింది. జయరాజ్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. ఎవరూ ఏడవలేదు. తంతి తనంతట తాను సన్నగిల్లి ఆగేదాకా ఆమె నా కాలు వదల్లేదు. ఆగిన తర్వాత కూడా వదల్లేదు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో నాకు తెలియలేదు.