అతిథులకు చెప్పిన అబద్ధాలు

మ్బాషే నది పక్కన ఆ కొండమీద ఎవరింట పెళ్ళి జరిగినా, ఎవరిని మట్టి చేసినా, మాట్లాడ్డానికి ముందుగా లేచేది మడ్లోమో. ఆమె లేచిందంటే చంటిపిల్లల తల్లులు పాలిచ్చుకోవడానికి సర్దుకుని కూర్చునేవాళ్ళు, పొయ్యి దగ్గరున్నవాళ్ళు కుండ దించి వచ్చేవాళ్ళు. ఇప్పట్లో అయ్యేది కాదని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. "దేవుడు నాకు నోరు పోస్తుండగా ఎవరో పిలిచి ఉంటారు. అటు తిరిగి మాట్లాడుతూ ఇటు పోస్తూనే ఉండిపోయాడు" అని తన మీద తనే నవ్వుకునేది. అలాంటి నోటికి సొంత మనవడి కేసును ముంచడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

మనవడి పేరు లుఖాన్యో. కూతురు బులెల్వా కొడుకు. బులెల్వా నొప్పులతో సర్కారు ఆసుపత్రిలో పడి అరుస్తుంటే, తొలి కాన్పు ఆడవాళ్ళంతా ఇలాగే అరుస్తారని నర్సులు తలుపు దగ్గరకు వేసుకుని వెళ్ళిపోయారు. కడుపులో బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో చూసిన పాపాన పోలేదు ఎవరూ. డాక్టరు కత్తి పట్టుకునేసరికి ఆలస్యం అయిపోయింది. పిల్లాడు నీలంగా, ఏడుపన్నది లేకుండా పుట్టాడు. ఇప్పుడు వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి గాని మెడ నిలవదు, కాళ్ళు కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, గిన్నెడు జావ తాగించేసరికి పొద్దెక్కిపోతుంది. డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మడ్లోమో మాత్రం వాళ్ళ వంశం పేరుతో "నా భేలే" అంటుంది.

తప్పు మాదేనని ప్రభుత్వం కోర్టులో ఒప్పుకుంది. ఇక మిగిలిన తగవల్లా, వీడు బతికినన్నాళ్ళూ వీడికి ఏమేం కావాలన్నదే. లాయరమ్మ సిసాండా అడిగింది నడుము నిలబెట్టే కుర్చీ, వంతులవారీగా చూసుకునే మనుషులు, రోడ్డు పక్కన ఒక ఇల్లు. మడ్లోమోకి కావాల్సింది అంతకంటే చిన్నదీ, అంతకంటే పెద్దదీను. తను పోయిన మర్నాడు వాణ్ణి మంచంమీంచి ఎత్తేదెవరు? బులెల్వా పట్నంలో బట్టల కొట్లో నిలబడితేనే ఇంట్లో పిండి ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్న మడ్లోమో రొమ్ములో రాయిలా కూర్చుని ఉంది.

"మఖులూ," అంది సిసాండా ఫోనులో. అవ్వా అన్నట్టు ఊరి పిల్లలంతా అలాగే పిలుస్తారు. "గురువారం ప్రభుత్వం తరఫు మనిషి వస్తుంది. పేరు మిసెస్ హావెంగా. పిల్లాడికి ఏం కావాలో ఇల్లు చూసి రాసుకుంటుంది. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచు. మాట కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పు. వింటున్నావా?"

"వింటున్నానే తల్లీ. ఉన్నది ఉన్నట్టే."

ఫోను పెట్టేశాక మడ్లోమో చెవిలో మిగిలింది ఒక్కటే ముక్క. అతిథి వస్తోంది!

చుట్టిల్లు లోపలంతా పేడతో అలికింది, బయట సున్నం వేసింది. పొరుగింటి మంపింగా దగ్గరికి వెళ్ళి పూలగుడ్డ వేసిన సోఫా కుర్చీ అడిగింది.

"నా సోఫా ఎందుకే? మొన్నేగా నీ లాయరమ్మ ఏదీ మార్చొద్దందన్నావు!"

"ఇల్లు మార్చొద్దంది గాని పరువు తీసుకోమందా? రేపు ఆవిడ పట్నంలో వాళ్ళందరితో, భేలేల ఇంట కూర్చోడానికి నూనె డబ్బా వేశారని చెప్తే నీకు సంతోషమా?"

"నాకెందుకు సంతోషం? ఆ డబ్బా కూడా నాదేగా!" అని గొణుగుతూనే మంపింగా సోఫా ఇచ్చింది, టీ కప్పులు ఇచ్చింది, ఊరుకోలేక కొడుకునీ వాడి చిన్న ట్రక్కునీ కూడా ఇచ్చింది. వర్షం పడితే ఆ కొండ దారి మోకాలి లోతు బురద. ఆ బురదలో చక్రాల కుర్చీ నడవదనీ, అందుకే రోడ్డు పక్కన ఇల్లు కావాలనీ లాయరమ్మ కాగితంలో రాసింది. అతిథి బూట్లకు మట్టి అంటకూడదని మడ్లోమో ఆవిణ్ణి ట్రక్కులో గుమ్మం దాకా రప్పించింది.

లుఖాన్యోకి తెల్లారకముందే జావ తాగించేసింది, అతిథి ముందు పొలమారకుండా. ఒంటికి వాజలీను పట్టించి, చర్చికి వేసే తెల్లచొక్కా తొడిగి, సోఫాలో అటూ ఇటూ దిండ్లు కుక్కి కూర్చోబెట్టింది. వాడు పంచాయితీ చెప్పే పెద్దమనిషిలా కనిపించాడు. మడ్లోమో దూరంగా నిలబడి చూసి మురిసిపోయింది. అంత మురిపెం, అంత బుద్ధితక్కువతనం ఒకే మనిషిలో పట్టడం చిత్రమే.

మిసెస్ హావెంగా వచ్చింది. వెంట తెచ్చుకున్న అమ్మాయి ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్తోంది. కోడికూర, ఆవిరిమీద ఉడికించిన రొట్టె, అల్లం బీరు పెట్టి, ఇక మడ్లోమో తన నోటికి కట్టు విప్పింది.

"బాగా తింటాడా?"

"తినడమా! పెట్టాలేగాని కోడిని ఈకలతో తింటాడు."

"రాత్రి నిద్ర?"

"దేవదూతలా పడుకుంటాడు."

"ఎత్తుకోవడం కష్టంగా లేదూ? మీ నడుము..."

"నా నడుమా? పెళ్ళినాటి నడుమే. వీడు నాకు కోడి ఈకంత."

"మాట్లాడతాడా?"

"ఓ! వంశం పొగడ్త నాతోపాటు అంటాడు. చూడండి. భేలే! ఖుబోనీ! డుంజానే!" వాడు మెడ ఒకవైపు వేలాడేసి "ఆ..." అన్నాడు. "విన్నారా? డుంజానే అన్నాడు!"

తలుపు దగ్గర నిలబడ్డ బులెల్వా పెదవి కొరుక్కుంటోంది. తల్లికి కన్ను గీటింది, దగ్గింది, చివరికి కప్పు కింద పడేసింది. మడ్లోమో ఆగలేదు. ఆ ఊళ్ళో బిడ్డ ఎదురుగా, పైగా అతిథి ముందు, బిడ్డ లోటు చెప్పిన తల్లి లేదు. వాడు వింటాడు. వాడికి అన్నీ తెలుస్తాయి. మెడ నిలవదని వాడి మొహం మీదే ఎలా అంటారు?

వారం తిరక్కుండా సిసాండా ఫోను చేసింది.

"మఖులూ, మిసెస్ హావెంగా ఏం రాసిందో చదవనా? 'ఇల్లు సౌకర్యంగా ఉంది. వాహనం గుమ్మం దాకా వస్తుంది. పిల్లవాడు ఆసరా ఇస్తే కూర్చుంటాడు, తింటాడు, కొన్ని మాటలంటాడు. అమ్మమ్మ ఆరోగ్యంగా, ఉత్సాహంగా ఉంది. బయటి మనిషి అవసరం కనిపించలేదు.' నేను ఏళ్ళతరబడి కట్టుకొచ్చింది నువ్వు ఒక్క కోడికూరతో కూల్చేశావు."

"కూర బాగుందని రాయలేదా?" అంది మడ్లోమో. అనేసి నాలుక కొరుక్కుంది.

"మఖులూ!"

"ఊరికే అన్నానే తల్లీ. నేను గాడిదను. ఆ మాట కూడా రాసుకో. కోర్టులో నేనే చెప్తాను అన్నీ అబద్ధాలని."

కోర్టులో చెప్పింది కూడా. ప్రభుత్వం వకీలు మిస్టర్ న్డాబెనీ, కళ్ళజోడు, పల్చని మనిషి, ఒక్కో మాటా చదివి అడిగాడు.

"ఈకలతో కోడిని తింటాడన్నారు."

"అబద్ధం నాయనా."

"దేవదూతలా పడుకుంటాడన్నారు."

"అదీ అబద్ధమే. వాడూ పడుకోడు, నన్నూ పడుకోనివ్వడు."

"నడుము పెళ్ళినాటిదన్నారు."

"పెళ్ళినాడు కూడా నా నడుము అంత గొప్పదేం కాదు."

బెంచీల మీద నవ్వులు. వకీలు నవ్వలేదు. "అప్పుడు అబద్ధమాడారంటున్నారు. ఇప్పుడు ఆడటం లేదని మాకేమిటి నమ్మకం?"

"నాయనా, ఇంటికి చుట్టం వస్తే మీ అమ్మ నువ్వు పక్క తడిపే సంగతి చెప్పేదా?"

ఈసారి జడ్జిగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పేరు జస్టిస్ మగోనా. వాళ్ళ భాషవాడే, తెల్లగడ్డం, బరువైన మనిషి. "సరే అమ్మా, ఇప్పుడు నిజం చెప్పు. పిల్లవాడికి ఏమేం చేతకాదు?" అని అడిగారు.

లుఖాన్యో తల్లి ఒళ్ళో ఉన్నాడు. అమ్మమ్మ నలుగురిలో లేచి నిలబడిందంటే ఇక తన పొగడ్తే వస్తుందని వాడి లెక్క. నోరు కొంచెం తెరిచి, ఎదురుచూస్తూ ఆమెనే చూస్తున్నాడు. మడ్లోమో నోరు తెరిచింది, మూసింది. కొండమీద ఎన్ని చావులకు, ఎన్ని పెళ్ళిళ్ళకు ఆగని నోరు అక్కడ ఆగిపోయింది. సిసాండా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఊరంతా చూడాలని కోరుకున్న ఆ ఘడియ కోర్టులో, అదీ అసలు మాట్లాడాల్సినప్పుడు వచ్చింది.

జడ్జిగారు, "నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

ఆ ముక్కతో మడ్లోమోకి తిండి సయించలేదు. జడ్జి ఇంటికొస్తున్నాడు! ఆ కొండకి అంతటి మనిషి ఎప్పుడూ రాలేదు, ఆమె ఇల్లు అలకకూడదు. మంపింగా తనే సోఫా మోయించుకొచ్చింది.

"పట్టుకుపోవే. నీకు దండం పెడతాను, పట్టుకుపో."

"జడ్జిగారిని దేనిమీద కూర్చోబెడతావు?"

"మంచంమీద. ఆ విరిగిన వైపున."

"నీకు పిచ్చి పట్టింది, మడ్లోమో."

"పట్టింది. పట్టాల్సినప్పుడు పట్టలేదు, అదే నా ఏడుపు."

వాళ్ళు వచ్చిన రోజు వాన. ట్రక్కు పంపలేదు. జడ్జిగారు, వకీలు, సిసాండా కొండెక్కి వచ్చారు. జడ్జిగారి బూటు ఒకటి బురదలో దిగబడితే, గుమ్మంలో నిలబడి చూస్తున్న మడ్లోమో ప్రాణం గిలగిల్లాడింది. కళ్ళు మూసుకుంది తప్ప అడుగు కదపలేదు. ఆయన మంచం విరిగిన వైపున కూర్చున్నారు. టీ ఇవ్వొద్దని ఎవరూ చెప్పలేదు కదా అని బిందెలో ఉన్న నీళ్ళన్నీ టీ కింద కాచేసింది. మనిషన్నాక టీ కూడా ఇవ్వకపోతే ఎలా?

"జావ వేళయిందా అమ్మా?" అన్నారు జడ్జిగారు. "నీ పని నువ్వు చేసుకో. మేము ఏమీ అడగం."

లుఖాన్యోని ఒళ్ళో వేసుకుని, మెడ మోచేతిలో ఇరికించి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. ఇవాళ వాడి ఒంటిమీద పాత బనీను. మొదటి చెంచా సగం బయటికి వచ్చింది. రెండోది మొత్తం వచ్చింది. తర్వాత పొలమారింది. వాడి మొహం నల్లబడి, ఒళ్ళు కొయ్యలా బిగిసి, జావ జడ్జిగారి చొక్కా దాకా చిందింది. మడ్లోమో వాణ్ణి బోర్లా వేసి వీపు చరిచింది. ఊపిరి తిరిగింది. తుడవడానికి చూస్తే బిందెలో చుక్క లేదు.

"పట్టుకో నాయనా" అని పక్కనే ఉన్న జడ్జిగారి ఒళ్ళో పెట్టేసింది. "మెడ, మెడ! అలా కాదు. మోచెయ్యి కింద పెట్టు. కాళ్ళు కలవనివ్వకు. ఇప్పుడే వస్తా."

బిందె పట్టుకుని వీధి కొళాయికి పోయింది. నిజంగా నీళ్ళకే పోయింది. అక్కడ మంపింగా ఉంది.

"ఏమయిందే? కింద అంత పెద్ద కారు! వచ్చింది వాళ్ళేనా?"

"జడ్జిగారే."

"పిల్లాడెవరి దగ్గర?"

"జడ్జిగారి దగ్గర."

మంపింగా బిందె కింద పెట్టేసింది. ఇక చెప్పకుండా ఎలా ఉండడం? బూటు సంగతి చెప్పింది. బూటు చెబితే గడ్డం చెప్పాలి, గడ్డం చెబితే వకీలు గొడుగు తిరగబడడం చెప్పాలి. వెనకవాళ్ళు తమ బిందెలు నింపుకుని వెళ్ళారు, ఇంకొకరు వచ్చారు, వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. వాన వెలిసిపోయి ఎండ రావడం చూసి మడ్లోమో, "అయ్యో, నా నోరు కాల!" అని నీళ్ళు ఒలకబోసుకుంటూ పరుగెత్తింది.

ఇంట్లో జడ్జిగారు అలాగే కూర్చుని ఉన్నారు. ఒక్క పిసరు కదిలితే వాడు బిగుసుకుపోతున్నాడట. నుదుటి మీంచి చెమట గడ్డంలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చొంగతో ఒక చెయ్యంతా తడి. కింద పేడ నేలమీద మోకాళ్ళేసి న్డాబెనీ వకీలు రెండు కాళ్ళూ విడదీసి పట్టుకున్నాడు, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. సిసాండా గోడవైపు తిరిగి నిలబడింది. ఆ భుజాలు ఎందుకు కదులుతున్నాయో మడ్లోమో అడగలేదు.

"క్షమించు నాయనా. కొళాయి దగ్గర... మాటల్లో పడ్డాను."

ఆమె వాణ్ణి ఎత్తుకున్నాక జడ్జిగారు లేవబోయి లేవలేకపోయారు. వకీలు చెయ్యి అందించాడు. ఆయన నడుము పట్టుకుని, "రోజూనా?" అన్నారు.

అతిథులకు చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోడి ఈకంత. లుఖాన్యో ఆమె భుజంమీద తల వాల్చి వింటున్నాడు.

"రోజూ," అంది. "రోజుకి చాలాసార్లు. నా నడుము పోయింది నాయనా. రేపో ఎల్లుండో వీణ్ణి పడేస్తాను. ఆ భయంతో నాకు నిద్ర రాదు."

అనేసి వాడి మొహంలోకి చూడ్డానికి భయపడుతూ చూసింది. వాడికేం పట్టలేదు. వాడు రోజూ ఉండేది ఆ నడుముమీదే. అది ఎలా వణుకుతుందో వాడికి తెలియని రోజెప్పుడు? జడ్జిగారి టై కొస నోట్లోకి వస్తుందేమోనని నాలుక చాపుతున్నాడు.

తీర్పు చలికాలం ముందే వచ్చింది. కుర్చీ ఇచ్చారు, పగలొకరు రాత్రొకరు చూసుకునే మనుషుల్ని ఇచ్చారు, మడ్లోమో ఉన్నా పోయినా, వాడు బతికినన్నాళ్ళూ. రోడ్డు పక్కన ఇల్లూ ఇచ్చారు. సిసాండా ఫోనులో ఏడుస్తోంది, బులెల్వా కొట్టు వెనక బట్టల మూటమీద కూర్చుని ఏడుస్తోంది.

మడ్లోమోకి మాత్రం ఇంకొకటి కావాలి. "నా గురించి ఏమైనా రాశారా తల్లీ?"

"రాశారు మఖులూ. 'అమ్మమ్మ మాట ఏమాత్రం నమ్మదగింది కాదు' అని రాశారు."

"ఆ తర్వాత?"

"'కాబట్టి నేను చూసినదాన్నే నమ్ముతున్నాను' అని."

ఆదివారం చర్చిలో అందరికంటే ముందు లేచింది మడ్లోమో. పెద్ద కోర్టు జడ్జి, రాజముద్ర వేసిన కాగితం మీద, తనను అబద్ధాలకోరని రాశాడని గొప్పగా చెప్పింది. ఈ కొండమీద అంతటి మాట ఎవరికి దక్కిందో చెప్పమంది. పొయ్యిమీద కుండలున్నవాళ్ళు లేచి వెళ్ళి దించుకుని వచ్చారు.