క్లచ్ వైరుకి నూనె

వైరు విప్పాలి.

గొట్టంలో పేరుకున్న దుమ్ము కడగాలి. దండేనికి నిలువుగా వేలాడదీయాలి. పాలకవరు మూల కత్తిరించి, పైకొనకు దారంతో కట్టి, అందులో నూనె పోయాలి. కింద పళ్ళెం పెట్టాలి. ఆరిన బట్టలు అంతకుముందే తీసేయాలి — మరక పడితే అమ్మీ ఊరుకోదు.

సాయంత్రంలోగా క్లచ్ మెత్తబడాలి.

అఫ్సానా ఈ పనులన్నీ ఆదివారం చేస్తుంది. ప్రతి ఆదివారం చేస్తుంది.

నూనె దిగుతోంది... చుక్క. ఆగి, మరో చుక్క. మొదట నల్లగా. తర్వాత బెల్లం రంగులో. ఆ తర్వాత నూనె నూనెలాగే.

అంటే వైరు శుభ్రపడిందని అర్థం. పోయిన ఆదివారమూ శుభ్రపడింది. అంతకుముందు కొత్త వైరే వేసింది.

అయినా అబ్బా లివరు పట్టి చూసి అదే మాట అంటాడు.

"ఇంకా గట్టిగానే ఉంది బేటా. ఇంకాస్త నూనె పట్టించు."

ఆయన పేరు వలి బాషా. గిద్దలూరు నుంచి బట్టల మూట బండికి కట్టుకొని రాచర్ల, అర్ధవీడు వైపు ఊళ్లు తిరిగే మనిషి. దుప్పట్లు, లుంగీలు, జాకెట్టు గుడ్డలు. గొర్రెల వెంట పోయే ఆడవాళ్లకు టౌనుకొచ్చే తీరికెక్కడిది? టౌనే మూటగట్టుకుని వాళ్ల దగ్గరికి పోయేది. ఆ మూట మీదే అఫ్సానా డిగ్రీ చదివింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి.

ఎండాకాలంలో ఆయనకు ఎడమవైపు పడిపోయింది.

కాలు తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం, క్లచ్ పట్టే చెయ్యి, సగం దారిలో ఆగిపోయింది.

అప్పటినుంచి మూట గోడకు ఆనుకునే ఉంది.

ఇంట్లో ఎవరూ చెయ్యి అనరు. వైరు అంటారు. దుమ్ము అంటారు. ఈ కాలపు వైర్లలో మునుపటి నాణ్యం లేదంటారు. వలి బాషా తమ్ముడు షబ్బీర్ ఒక్కడే మార్కాపురం నుంచి వచ్చి వేరే మాట అన్నాడు.

"బండి అమ్మేద్దాం భాయ్. నా దుకాణంలో కూర్చో, ఫ్యాను కింద. ఈ సోమవారం కూడా నువ్వు ఊళ్లకి పోకపోతే నేనే వచ్చి తీసకపోతా."

ఆ పూట వలి బాషా అన్నం ముట్టలేదు.

రేపే సోమవారం.

చుక్క. ఆగి, మరో చుక్క.

గోడ అవతలినుంచి జ్ఞానమ్మ తొంగిచూసింది. దండేన్ని చూసింది, కవరును చూసింది.

"ఏమ్మే అఫ్సానా, బండికి సెలైన్ ఎక్కిస్తాండావా?"

"అవునక్కా. రేప్పొద్దున డిశ్చార్జి," అన్నాడు వలి బాషా. అని నవ్వాడు.

అఫ్సానాకు నవ్వు రాలేదు. విసుగూ రాలేదు. వేళ్లకు నూనె, గోళ్లలో నలుపు, నడుములో నొప్పి — ఎంత కడిగినా పోని ఒక అలసట.

వైరు మళ్లీ బిగించింది. లివరు నొక్కి చూసింది. మామూలుగానే ఉంది. మంచి చేతికి మామూలు.

అప్పుడు ఆమె ఒక పని చేసింది.

లివరు దగ్గరి నట్టు తిప్పింది. ఒక చుట్టు. ఆలోచించి, ఇంకో చుట్టు. వైరు వదులైతే లివరు తేలికవుతుంది — పసిబిడ్డ వేలికి కూడా వంగుతుంది. కానీ లోపల క్లచ్ పూర్తిగా విడవదు. గేరు వేస్తే బండి దూకుతుంది. అది ఆమెకు తెలుసు. మరీ అంత వదులు కాదులే అనుకుంది. ఒక్క సోమవారం గడిస్తే చాలనుకుంది.

తెల్లారింది.

వలి బాషా గడ్డం గీసుకున్నాడు. మూట వెనక క్యారియరుకు కట్టించుకున్నాడు. లివరు పట్టాడు. వంగింది. అఫ్సానా ఆయన చేతిని చూడలేదు, ముఖాన్ని చూసింది. ఎన్నాళ్లకో వెలిగిన ముఖం.

గేరు వేశాడు.

బండి దూకింది. జ్ఞానమ్మ గోడకు గుద్దుకుని ఆగిపోయింది. మూట జారి కాలవలో పడింది. మనిషి మోకాళ్ల మీద పడ్డాడు.

పెద్ద దెబ్బలేమీ లేవు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అమ్మీ సైదాబీ పరుగున వచ్చి ముందు భర్తను లేపింది, తర్వాత మూటను లేపింది. తడిసిన దుప్పట్లు పక్కకు తీసింది.

"అబ్బా... వైరు నేనే వదులు చేసినా."

"పట్టుకోంగానే తెలిసింది బేటా. అంత మెత్తగా అది కొన్నప్పుడు కూడా లేదు."

తెలిసీ గేరు వేశాడు.



"బిగించు," అన్నాడాయన.

బిగించింది. ఆయన లివరు పట్టాడు. వేళ్లు వణికాయి. లివరు సగం దాకా వచ్చింది... వెనక్కి పోయింది. మళ్లీ పట్టాడు. మళ్లీ పోయింది.

ఈసారి ఎవరూ వైరు అనలేదు.

"చెయ్యి," అన్నాడు వలి బాషా. "చెయ్యే బేటా. వైరు మంచిదే."



సైదాబీ లోపలికి పోయింది. బురఖా వేసుకుని వచ్చింది. పొడిగా ఉన్న బట్టలన్నీ మూటగట్టి క్యారియరుకు బిగించింది. ఇటొక కాలు, అటొక కాలు వేసి భర్త వెనక ఎక్కి కూర్చుంది.

"ఎక్కడికే నువ్వు?"

"రాచర్లకి. నువ్వు చూపించే రంగులు ఎవురికి కావాల? నేను చూపిస్తా."

ఆయన చంక కిందుగా తన ఎడమ చెయ్యి పోనిచ్చి, లివరు మీద ఉన్న ఆయన వేళ్ల మీద తన వేళ్లు వేసింది. బట్టలు పిండి పిండి గట్టిపడిన వేళ్లు.

"నువ్వు చెప్పు. నేను నొక్కుతా. ఇంతే గదా."

"నొక్కు."

నొక్కింది. గేరు పడింది.

"ఇప్పుడు వదులు... మెల్లగా. పాలు పొంగేటప్పుడు మంట తగ్గించినట్ల."

బండి కుదిపి ఆగిపోయింది.

"ఇదేంది, రొట్టె పెనం మీద విసిరినట్ల వదిలినావు!"

"నాకు పొయ్యి తెలుసు గానీ నీ బండి తెలుసా? ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాడు.

కదిలింది.

సందు దాటేదాకా వినిపించింది — నొక్కు... వదులు... నొక్కు... వదులు...

అఫ్సానా పానా పట్టుకుని నిలబడిపోయింది. ఆపాలి. ఒక బండికి ఇద్దరి చేతులా? లారీలు తిరిగే రోడ్డు. పరుగెత్తాలి, పిలవాలి... ఫోను మోగుతోంది. షబ్బీర్ చాచా. ఏం చెప్పాలి? పోయినారని చెప్పాలా? ఎట్ల పోయినారని చెప్పాలి?

రాచర్ల దారిలో మీకెప్పుడైనా ఆ బట్టల బండి ఎదురైతే, కాస్త పక్కకు జరిగి దారివ్వండి. నడిపేది వలి బాషా అని ఊళ్లన్నీ చెబుతాయి. ఆయన వీపు చాటున, ముందున్న దారి కనిపించకపోయినా, చెప్పినప్పుడల్లా నొక్కుతూ, చెప్పినప్పుడల్లా వదులుతూ ఒక మనిషి కూర్చుని ఉంటుంది.

ఆమె పేరు సైదాబీ.

గుర్తుపెట్టుకోండి.