ముందు ఫొటో లేని అడవి

ఆ కార్యాలయంలో కుర్చీలు మూడే, నిలబడ్డవాళ్ళు ముప్పైమంది. తన వంతు వచ్చేసరికి రైతుకి కాళ్ళు పీకేస్తున్నాయి. నలభై ఏళ్ళ కింద అతని అమ్మ బిందెలతో నీళ్ళు మోసి పెంచిన మూడెకరాల అడవికి ఇప్పుడు కంచె కావాలి. మేకలు దూరి లేత మొక్కల్ని ఆనవాలు లేకుండా నమిలేస్తున్నాయి. ముసలి చెట్లు పడిపోయాక అక్కడ ఇంకేం మిగులుతుంది?

"సొంత భూమిలో అడవి పెంచితే సర్కారు కంచె వేయిస్తుందటగా అండీ?"

"వేయిస్తుంది. ముందు ఫొటో తెచ్చావా?" అన్నాడు అధికారి. "అదేనయ్యా, చెట్లు లేనప్పటి బీడు ఫొటో."

"అప్పట్లో మాకు కెమెరా ఎక్కడిదండీ?"

"అయితే అది పెంచిన అడవి కాదు, ఉన్న అడవి. ఉన్నదానికి సాయం లేదు." గొంతు తగ్గించాడు. "కొట్టేసి, ఫొటో తీసి, మళ్ళీ నాటు. వెంటనే శాంక్షన్ చేస్తా."

రైతుకి ఒళ్ళు మండిపోయింది. చెట్టు బతకాలంటే ముందు దాన్ని చంపాలట! ఏం తెలివి, ఏం తెలివి!

పక్క పొలం బావమరిది మాత్రం ఆ సలహాని తు.చ. తప్పకుండా పాటించాడు. ఉన్న చెట్లు నరికి, మొక్కలు నాటి, కంచె వేయించుకున్నాడు. నీళ్ళు పోసే ఓపిక లేక మొక్కలన్నీ మాడిపోయాయి. కంచె మాత్రం నిగనిగలాడుతోంది.

మూడేళ్ళకి అధికారీ బావమరిదీ చెమటలు కక్కుకుంటూ రైతు గుమ్మం ఎక్కారు.

"పైనుంచి తనిఖీ అట బావా. మొక్కలు పెరిగిన 'తర్వాత' ఫొటో కావాలి. నీ అడవిలో ఒక్కసారి నిలబడనివ్వు."

తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. రైతు మింగేశాడు.

"నిలబడు బామ్మర్దీ. నేనూ నీ బీట్లో నిలబడతా. నాకు ముందు ఫొటో లేదుగా."

అధికారి మొహం వెలిగిపోయింది. "భలే! తేదీ సంగతి నేను చూసుకుంటా."

తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు. నెల తిరక్కుండా కంచె వచ్చింది. దాంతోపాటు ఓ బోర్డూ వచ్చింది. అమ్మ కర్ర ఆనించుకుని, కూడబలుక్కుంటూ చదివింది: 'మూడు సంవత్సరములలో పెంచబడిన అడవి.'

"మూడేళ్ళేనా?" అంది. "మరి నా నడుం దేనికి వంగిందిరా?"

కొడుకు మేకలు రాకుండా గేటు గొళ్ళెం పెట్టాడు.